రెండు తెరలు, నాలుగు బల్లలు

మన పాఠశాల కంప్యూటరు గదిలో ఒక యంత్రమునకు రెండు మానిటరులు తగిలించియుండుటను మీరందఱును చూచియున్నారు. తరగతిలో మా లాప్‌టాపునకు ప్రొజెక్టరు తగిలించినప్పుడును జరుగునది యిదియే. మీ కన్నులకు అది గోడమీది బొమ్మ. కంప్యూటరునకు మాత్రము రెండవ తెర. తెరలు పెరిగినకొలది పని సులభమగునని పలువురు తలతురు. అది కొంతవఱకే నిజము. రెండు తెరలపై ఇరువది విండోలను చెల్లాచెదరుగా తెఱచి, కావలసినదానిని వెదకుకొనుచు కాలము పుచ్చువారిని మేమెఱుగుదుము. ఒకప్పుడు మేమును అట్టివారమే. కావున లినక్సు కంప్యూటరుపై తెరలను, వర్చువల్ డెస్కుటాపులను ఎట్లు అమర్చుకొనవలెనో ఈ పాఠమున వివరించెదము. ఆ యమరికను సరిచూచుకొననందున మా వలన జరిగిన యొక తప్పిదమును గూడ దాచక చెప్పెదము. ఈ పాఠము వ్రాయుటకు అదియే కారణము.

1. తెర వేఱు, బల్ల వేఱు

ఒక గుమాస్తాకు వెడల్పాటి బల్ల కలదనుకొందము. దానిపై ఒకవైపున జమాఖర్చుల పుస్తకమును, మఱొకవైపున రసీదులను పెట్టుకొని యతడు రెంటిని సరిపోల్చుకొనును. చూపు ఇటునుండి అటు మరల్చిన చాలును. దేనిని తీయనక్కఱలేదు, పెట్టనక్కఱలేదు. రెండవ మానిటరు చేయు మేలు ఇదియే. అది బల్లను వెడల్పు చేయును.

ఇప్పుడు అదే గుమాస్తాకు నాలుగు బల్లలు కలవనుకొందము. ఒకదానిపై జమాఖర్చులు, ఒకదానిపై ఉత్తరములు, ఒకదానిపై పటములు, ఒకదానిపై వార్తాపత్రికలు. ఒక పని సగములో నుండగా మఱొక పని వచ్చిపడినచో అతడు కాగితములను మూటకట్టడు. లేచి రెండవ బల్లకడకు పోవును. తిరిగి వచ్చునప్పటికి మొదటి బల్ల తాను విడిచినట్లే యుండును. వర్చువల్ డెస్కుటాపు చేయు మేలు ఇట్టిది. లినక్సు సెట్టింగులలో దీనికి వర్కుస్పేసు అనియు పేరు కలదు. ఈ పాఠములో దానిని ‘బల్ల’ యనియు, మానిటరును గాని ప్రొజెక్టరును గాని ‘తెర’ యనియు వ్యవహరింతుము.

1885లో కడప సీమలోని సురభి గ్రామమున పుట్టిన నాటక సమాజమువారి ప్రదర్శనములను చూచినవారికి ఇది యింకను సులభముగా బోధపడును. రాజసభను చిత్రించిన పరదా పైకి పోవును. అరణ్యమును చిత్రించిన పరదా దిగివచ్చును. రంగస్థలము అదియే, దృశ్యము వేఱు. మన పాఠములోని తెర రంగస్థలము వంటిది. బల్ల దృశ్యము వంటిది.

దీనినుండి తేలిన సూత్రమును మీరు కంఠస్థము చేయవలెను: కలిపి చూడవలసినవానిని తెరలపై పఱచుడు, విడదీయవలసినవానిని బల్లలకు పంచుడు. తెలుగు పాఠమును ఆంగ్లమునకు తర్జుమా చేయునప్పుడు మూలమును, తర్జుమాను రెండు తెరలపై నుంచవలెను. కాని తర్జుమాయు, సాయంకాలపు క్రికెట్టు లెక్కయు ప్రక్కప్రక్కన నుండదగినవి కావు. వానికి రెండు బల్లలు కావలెను.

2. ఈ యేర్పాటు పుట్టిన విధము

1986లో అమెరికా దేశమున జిరాక్సు సంస్థవారి పాలో ఆల్టో పరిశోధనాలయమునకు చెందిన ఆస్టిన్ హెండర్సన్, స్టూవర్టు కార్డు అను నిద్దఱు ‘రూమ్స్’, అనగా గదులు, అను ఏర్పాటును గుఱించి యొక పత్రమును ప్రకటించిరి. చిన్న తెరమీద విండోలు చోటుకొఱకు ఒకదానితోనొకటి పెనగులాడుచున్నవనియు, మనుష్యుడు ఒక్కొక్క పనికి కొన్ని విండోలనే కలిపి వాడును గావున పనికొక గది చొప్పున వానిని వేఱుపఱచినచో ఆ పెనగులాట తగ్గుననియు వారి వాదము.

విండోలను తెరపై చూపు ఎక్స్ విండో వ్యవస్థ 1984లో మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున పుట్టినది. లినక్సు కెర్నెలును 1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్సు ప్రకటించెను. 1993లో రాబర్టు నేషన్ ఎఫ్‌వీడబ్ల్యూఎం అను విండో మేనేజరును వ్రాసి లినక్సు వాడువారికి ఈ బల్లలను అందించెను. ఇట్టి యేర్పాటు మాకింటాషు యంత్రములలో 2007లోను, విండోస్ యంత్రములలో 2015లోను సహజభాగముగా చేరినది. కావున బల్లల విషయమున లినక్సువారికి చిరకాలపు అలవాటు కలదని చెప్పవచ్చును.

తెరల విషయమున మాత్రము చిరకాలము తిప్పలుండెను. రెండవ మానిటరును అమర్చవలెనన్న ఒక ఫైలును చేత్తో దిద్ది, ఎక్స్ వ్యవస్థను ఆపి, మరల నడపుట సామాన్యముగా నుండెడిది. 2007లో ర్యాండార్ అను భాగము యొక్క 1.2వ కూర్పు వచ్చిన పిదప, పని నడుచుచుండగనే తెరను తగిలించుటయు, తీయుటయు సాధ్యమయ్యెను. 2008లో క్రిస్టియన్ హోగ్స్‌బెర్గు ప్రారంభించిన వేలాండు అను క్రొత్త పద్ధతి ఇప్పుడు అనేక లినక్సు యంత్రములలో ఎక్సునకు బదులుగా నడుచుచున్నది. దీనిలో ఒక్కొక్క తెరకు ఒక్కొక్క పరిమాణమున అక్షరములను పెంచుకొనవచ్చును. ఒక తెర 3840 × 2160 పిక్సెళ్లదియు, ప్రక్కది 1920 × 1080 పిక్సెళ్లదియు నైనప్పుడు, మొదటిదానికి 200 శాతమును, రెండవదానికి 100 శాతమును నిర్ణయించినచో రెంటను అక్షరములు చదువ వీలుగా నుండును.

3. తెరల కొలత

తెరలు ప్రక్కప్రక్కన నుండుటను కంప్యూటరు కన్నులతో చూడదు. మనము చెప్పినదే దానికి తెలియును. గ్నోమ్ అను డెస్కుటాపులో సెట్టింగులను తెఱచి ‘డిస్ప్లేలు’ అను భాగమునకు పోయినచో తెరలు దీర్ఘచతురస్రములుగా కనబడును. ప్రొజెక్టరు బొమ్మ మీ కుడిప్రక్కన పడుచున్నచో దాని చతురస్రమును మౌసుతో లాగి కుడిప్రక్కన నుంచవలెను. ఎడమప్రక్కన నుంచినచో, మీరు మౌసును గోడవైపు త్రోయగా బాణపు గుర్తు అంచుననే నిలిచిపోవును.

ఒక లెక్క చేయుదము. మన లాప్‌టాపు తెర 1366 × 768 పిక్సెళ్లు. ప్రొజెక్టరు 1920 × 1080 పిక్సెళ్లు. రెంటిని ప్రక్కప్రక్కన పైయంచులు కలియునట్లు పేర్చినచో మొత్తము వెడల్పు 1366 + 1920 = 3286; ఎత్తు పెద్దదాని ఎత్తగు 1080. ఈ దీర్ఘచతురస్రమున 35,48,880 పిక్సెళ్లకు చోటు కలదు. కాని నిజముగా మనకున్న పిక్సెళ్లు 10,49,088 + 20,73,600 = 31,22,688 మాత్రమే. తక్కిన 4,26,192 ఏమైనవి? అవి లాప్‌టాపు తెరకు క్రిందుగా 1366 వెడల్పును, 312 ఎత్తును గల శూన్యప్రదేశము. అచ్చట తెర లేదు. ప్రొజెక్టరు బొమ్మలో అడుగున నున్న 312 వరుసలనుండి మౌసును ఎడమకు త్రోసినచో అది గోడను తాకినట్లు ఆగిపోవుటకు కారణమిదియే. యంత్రము చెడినదని బెదరక, మౌసును కొంచెము పైకెత్తి దాటింపుడు.

అదే చోట మఱి రెండు నిర్ణయములు చేయవలసియున్నది. మొదటిది, ఏది ప్రధానమైన తెర? గ్నోమ్‌లో పైపట్టీయు, సందేశములును ప్రధానపు తెరపైననే వచ్చును. రెండవది, తెరలను కలిపి పొడిగింపవలెనా, ఒకదాని ప్రతిబింబమును మఱొకదానిపై చూపవలెనా? పొడిగించినచో గోడమీద ఒకటి, ఉపాధ్యాయుని యెదుట మఱొకటి యుండును. ప్రతిబింబమైనచో ఉపాధ్యాయుడు చూచునదెల్ల తరగతియు చూచును. ఈ భేదమును మనసున నుంచుకొనుడు.

4. ముఖ్యమైన ప్రశ్న

తెరలను ఎఱిగితిమి, బల్లలను ఎఱిగితిమి. ఈ రెండును కలిసినప్పుడు ఒక ప్రశ్న పుట్టును. రంగస్థలములు రెండున్నచో, దృశ్యము మార్చునప్పుడు రెంటను మారునా, ఒకదానియందే మారునా? అనగా, మొదటి బల్లనుండి రెండవ బల్లకు పోయినప్పుడు రెండు తెరలును మారునా? లినక్సులో దీనికి ఒకే సమాధానము లేదు. మూడు సమాధానములు కలవు.

మొదటిది గ్నోమ్ సమాధానము. మనము మార్చనంతవఱకు దానిలో ప్రధానపు తెర మాత్రమే మారును. రెండవ తెరపై నున్న విండో, మనము ఏ బల్లకు పోయినను, అచ్చటనే నిలిచియుండును. పాఠము చెప్పువారికి ఇది మిక్కిలి యనుకూలము: భారతదేశపటము గోడపై నిలిచియుండగా, ఉపాధ్యాయుడు తన తెరపై బల్లలు మార్చి తన వ్రాతలను చూచుకొనవచ్చును. సెట్టింగులలోని ‘మల్టీటాస్కింగ్’ అను భాగమున దీనిని మార్చి, తెరలన్నియు కలిసి మారునట్లు చేయవచ్చును.

రెండవది ఎక్స్ఎఫ్‌సీఈ సమాధానము. పాత యంత్రములపై తేలికగా నడచు ఈ డెస్కుటాపులో బల్ల మారగనే తెరలన్నియు కలిసి మారును. రెండు తెరలకును చాలునన్ని విండోలు గల పెద్ద పనులు అనేకము చేయువారికి ఇది మేలు. ఒక్క కీతో రెండు తెరలును ఒక పనినుండి మఱొక పనికి మళ్లును.

మూడవది ఐ-త్రీ అను విండో మేనేజరు సమాధానము. 2009లో పుట్టిన దీనిలో ప్రతి బల్లయు ఏదో యొక తెరకు చెందియుండును. ఎడమ తెరపై 1వ బల్ల, కుడి తెరపై 2వ బల్ల యుండగా, కుడి తెరపై 5వ బల్లను పిలిచినను ఎడమది కదలదు.

ఈ భేదమును సంఖ్యలలో చూడుడు. రెండు తెరలు, నాలుగు బల్లలు కలవు. ఎక్స్ఎఫ్‌సీఈలో ఎనిమిది దృశ్యములు అమరును. గ్నోమ్‌లో, మొదటి యమరికయందు, ప్రధానపు తెరపై నాలుగు, రెండవ తెరపై ఒకటి, వెరసి అయిదు. ఐ-త్రీలో నాలుగే, వానిని రెండు తెరలు పంచుకొనును. ఏది గొప్ప యను వాదమునకు మేము పోము. మీ యెదుటనున్న యంత్రము ఏ సమాధానము నిచ్చుచున్నదో పని మొదలుపెట్టుటకు ముందే తెలిసికొనవలెనని మాత్రము గట్టిగా చెప్పుదుము.

5. చేతి కలవాటు కావలసిన కీలు

గ్నోమ్‌లో కంట్రోలు, ఆల్టు కీలనడుమ నుండు సూపరు కీని పట్టుకొని పేజ్ డౌన్ నొక్కిన తరువాతి బల్లకును, పేజ్ అప్ నొక్కిన మునుపటి బల్లకును పోవుదుము. వీనితో షిఫ్టు కీని కూడ కలిపినచో ఎదుటి విండో మనవెంట వచ్చును. సూపరు, షిఫ్టు కీలను పట్టుకొని బాణపు కీని నొక్కినచో విండో ఒక తెరనుండి మఱొక తెరకు దాటును. లాప్‌టాపునకు రెండవ తెర తగిలియున్నప్పుడు, సూపరు కీతో పి అక్షరమును నొక్కినచో ప్రతిబింబము, పొడిగింపు, ఒక తెర మాత్రమే యను ఎంపికలు వచ్చును. ఎక్స్ఎఫ్‌సీఈలో కంట్రోలు కీతో ఎఫ్1, ఎఫ్2 మొదలగువానిని నొక్కి ఆయా సంఖ్య గల బల్లకు నేరుగా పోవచ్చును.

గ్నోమ్‌లో మొదటి యమరికయందు బల్లల సంఖ్యకు నియమము లేదు. చివర నొక వట్టి బల్ల యెప్పుడును సిద్ధముగా నుండును. ఒక బల్లపై విండోలన్నియు మూసినచో అది తానే తొలగిపోవును. అట్లని పది బల్లలు తెఱవరాదు. ఏ బల్లపై ఏమున్నదో మనసున నిలుపుకొనలేనినాడు బల్లలవలన మేలు లేదు. నాలుగు చాలునని మా యనుభవము. మఱియు, కంటికి కానరాని బల్లపైని విండోలు నిద్రపోవుననుకొనవలదు. అవి నడచుచునే యుండును. యంత్రము యొక్క మెమరీని వాడుకొనుచునే యుండును.

6. మా తప్పిదము

ఒకనాడు పదవ తరగతికి భూగోళ పాఠము చెప్పుచుంటిమి. మొదటి బల్లపై నదుల పటములు. రెండవ బల్లపై అర్ధసంవత్సర పరీక్షల మార్కుల జాబితా; ఉదయము దానిని దిద్దుచు, సగములో విడిచి తరగతికి వచ్చితిమి. గోడపై పటము మాత్రమే యున్నదనియు, తక్కినదెల్ల మా లాప్‌టాపు తెరకే పరిమితమనియు తలచితిమి. ఏలయన తెరలను పొడిగించి వాడుట మా నిత్యపు అలవాటు.

కాని ముందునాడు అదే గదిలో అదే ప్రొజెక్టరుతో చలనచిత్రమొకటి చూపుటకై ప్రతిబింబపు పద్ధతిని పెట్టియుంటిమి. గ్నోమ్ తనకు తగిలించిన తెరలను గుర్తుపట్టి, వానికి కడపట చేసిన యమరికను తనయొద్ద వ్రాసియుంచుకొనును. ఆ తెరలే మరల తగిలినప్పుడు ఆ యమరికనే తిరిగి పెట్టును. ఆనాడు యంత్రము తన ధర్మమును తాను చేసెను. మేము సరిచూచుకొనలేదు. రెండు తెరలపైనను పటమే యుండుటచే భేదము మాకు తోచలేదు. వ్రాతలను చూచుకొనుటకై అలవాటుగా సూపరు, పేజ్ డౌన్ కీలను నొక్కితిమి. గోడనిండ మార్కుల జాబితా నిలిచెను.

మేము దానిని గమనించునప్పటికి కొన్ని క్షణములు గడచెను. ఆ కొన్ని క్షణములలోనే తరగతి అంతయు అన్నిటికంటె తక్కువ మార్కులు గల పేరును చదివెను. వెనుక బల్లలనుండి నవ్వు వినవచ్చెను. ఆ పేరు గల విద్యార్థి తల వంచుకొని, గంట కొట్టువఱకు తల యెత్తలేదు. ఆ మార్కులు అతనివి. వానిని ఎవరికి చెప్పవలెనో, చెప్పరాదో అను నిర్ణయమును అతని చేతినుండి మేము లాగికొంటిమి. మఱునాడు తరగతియెదుట ఆ తప్పు మాదని యొప్పుకొని అతని క్షమాపణ కోరితిమి. అతడు పెద్దమనసుతో మన్నించెను. ఐనను, గోడమీద నిలిచిన మాటను క్షమాపణ చెఱిపివేయజాలదు.

ఈ తప్పిదమున మేము నేర్చిన పాఠమిది: బల్ల మార్చుట దాచుట కాదు. బల్ల పనిని విడదీయుటకు పుట్టినది; రహస్యమును కాచుటకు పుట్టినది కాదు. దానికి తాళము లేదు, తలుపు లేదు. ఒక్క కీ నొక్కిన చాలును, లోపలిది బయటపడును. పరదా వెనుకనున్నది ఎవరికిని కనబడదని నమ్మిన నటుడు, పరదా లేచువాడు తాను కాడని మఱచినట్లు మేమును మఱచితిమి.

7. పాటింపవలసిన నియమములు

మొదటిది. నలుగురెదుట తెరను తగిలింపక పూర్వమే, పరులు చూడరాని విండోలను మూసివేయవలెను. మఱొక బల్లకు త్రోసిన చాలదు.

రెండవది. తగిలించిన వెంటనే మౌసును లాప్‌టాపు తెరపైననే యుంచి కదిలింపుడు. గోడమీదను అట్లే బాణము కదలినచో అది ప్రతిబింబము, కదలనిచో పొడిగింపు. ఈ పరీక్షకు రెండు క్షణములు చాలును. మేము ఆనాడు చేయనిది ఇదియే.

మూడవది. కేబులు ఊడినచో, ఆ తెరపైని విండోలు మిగిలిన తెరపైకి వచ్చి చేరును. మరల తగిలించినప్పుడు అవి తమ పూర్వస్థానమునకు తామే పోవునని నమ్మరాదు.

నాలుగవది. పాఠము చెప్పునంతసేపు సందేశములను ఆపివేయుడు. మీకు వచ్చిన స్వంత వార్త తరగతి కొఱకు వచ్చినది కాదు.

అయిదవది. నిజముగా కాపాడవలసిన వస్తువున్నచో దానికి తగిన సాధనము వేఱే కలదు. తరగతి కొఱకు కంప్యూటరులో వేఱొక యూజరు ఖాతాను తెఱచి, దానిలో పాఠములను మాత్రమే యుంచవలెను. మేము ఇప్పుడు అట్లే చేయుచున్నాము. మధ్యలో లేచి పోవలసినచో సూపరు కీతో ఎల్ అక్షరమును నొక్కి యంత్రమునకు తాళము వేయుడు. అప్పుడు తెరలన్నియు ఒక్కసారిగా మూతపడును.

విద్యార్థులారా! మీలో పలువురు ఱేపు కార్యాలయములలోను, ఆసుపత్రులలోను, పాఠశాలలలోను పరుల సంగతులను తెరలపై నుంచి పనిచేయుదురు. రోగి వివరములు, గృహస్థుని బాకీలు, విద్యార్థి మార్కులు మీ బల్లలపై నుండును. రెండు తెరలు, నాలుగు బల్లలు గలవాడు నేర్పరియని లోకము మెచ్చుకొనవచ్చును. ఏ తెర ఎవరి వైపు తిరిగియున్నదో మఱవనివాడే నిజమైన నేర్పరి.

అభ్యాసములు

1. ఎడమ తెర 1280 × 1024 పిక్సెళ్లు, కుడి తెర 1920 × 1080 పిక్సెళ్లు. పైయంచులు కలియునట్లు పేర్చినచో శూన్యప్రదేశమున ఎన్ని పిక్సెళ్లకు చోటుండును? మౌసు ఎన్ని వరుసలలో దాటజాలదు?

2. మూడు తెరలు, నాలుగు బల్లలు గల యంత్రమున ఎక్స్ఎఫ్‌సీఈ పద్ధతిని ఎన్ని దృశ్యములు అమరును? గ్నోమ్ మొదటి యమరికలో ఎన్ని?

3. కంప్యూటరు గదిలోని యంత్రము పైని మూడు సమాధానములలో దేని నిచ్చుచున్నదో ప్రయోగముచేత కనుగొని, మీరు చేసిన ప్రయోగమును అయిదు వాక్యములలో వ్రాయుడు.

4. మీరు ఒక వారము చేయు పనులను పట్టికగా వ్రాసి, వానిలో కలిపి చూడవలసినవి ఏవియో, విడదీయవలసినవి ఏవియో, యూజరు ఖాతాచేత కాపాడవలసినవి ఏవియో గుర్తింపుడు.